ఉత్తుత్తి ఆకాశం కింద

ఎవరు వేశారో గానీ ఈ ఆకాశాన్ని, వాళ్ళ చేతులకి దండం పెట్టాలి. బయట మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది, రంగులరాట్నం దగ్గర జనం నెత్తిన అట్టముక్కలు పెట్టుకుని నిలబడ్డారు, ఈ హోటల్ తలుపు నెట్టుకుని లోపల అడుగుపెట్టామో లేదో తెల్లవారుజాము. పైకప్పంతా లేత నీలం, అంచుల్లో ఉందా లేదా అన్నంత గులాబీ, ఎంత వెతికినా అతుకు కనపడదు. ఇటలీలో ఒక వీధట ఇది. వీధికి రెండు పక్కలా ఇళ్ళు, ఇళ్ళకి కిటికీలు, కిటికీల మధ్య తాళ్ళు కట్టి ఆరేసిన చొక్కాలు, నడుమ ఓ కాలవ, కాలవలో గొలుసు మీద తిరిగే పడవ. గంటలో ఒక రోజు గడిచిపోతుందండీ ఇక్కడ, మీరు తినడం పూర్తయ్యేసరికి చుక్కలు పొడుస్తాయి అని గుమ్మం దగ్గర టోపీ అమ్మాయి చెప్పింది, రోజుకి ఎన్నిసార్లు చెప్పాలో పాపం, అయినా మాకే మొదటిసారి చెబుతున్నట్టు చెప్పింది. నేను సెట్టింగులు కట్టే షెడ్డులో రంగులు వేస్తాను. థర్మాకోల్‌ని బండరాయి అనీ, ప్లైవుడ్‌ని టేకు అనీ, ప్లాస్టర్‌ని పాలరాయి అనీ చూసేవాళ్ళని నమ్మించడం నా ఉద్యోగం. రాయి తేలిక, తప్పు జరిగినా రాయి రాయిలాగే ఉంటుంది, ఆకాశం దగ్గరే మన బండారం బయటపడుతుంది. ఇది వేసినవాళ్ళు పరంజా మీద వెల్లకిలా పడుకుని, మెడలు పట్టేసి, కళ్ళల్లో రంగు పడి, కిందికి దిగి చూసుకుని, బాగాలేదని మళ్ళీ ఎక్కి ఉంటారు. నేను నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడిపోతే మా ఆయన మోచేత్తో పొడిచి, కూర్చుని కూడా చూడొచ్చు, వెనకవాళ్ళు మనల్ని తొక్కేసేలా ఉన్నారు అన్నారు.

ఎంతమందండీ అంటే ముగ్గురం అన్నది కూడా ఆయనే, లిఫ్టు ఎక్కినవాళ్ళని లెక్కపెట్టినట్టు. లిఫ్టు మెకానిక్కు మరి, ఏ గదిలోకి వెళ్ళినా ముందు బరువు చూసుకుంటారు. ఆయన ముగ్గురం అంటే నాకేమీ అవలేదు, ఆయన ఆ మాట పెళ్ళయిన మర్నాడే అనేశారు. కానీ ఆ వెంటనే దొరసాని నోరు విప్పింది. దొరసాని అంటే ఆయన కూతురు, మూడో తరగతి, ఇంట్లో ఆజ్ఞలు జారీ చేసేది తనే కాబట్టి ఆయన పెట్టిన పేరు. గుమ్మం దాటుతూ, ఎవరి మొహమూ చూడకుండా, అప్పుడు మేం ముగ్గురం వచ్చాం, ఒక్క పడవ ఐస్‌క్రీమే ముగ్గురం తిన్నాం అంది. అప్పుడు అంటే వాళ్ళమ్మ బతికున్నప్పుడు. తప్పు పట్టడానికేముంది అందులో, వచ్చింది ముగ్గురే, తిన్నది ముగ్గురే, నేను లేను. అయినా ఆ ‘మేం’ వచ్చి నాకు తగిలింది. ఏడాదిగా తగులుతూనే ఉంది. మనం అంటే వింటున్న మనిషి లోపల, మేం అంటే వింటున్న మనిషి బయట. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే నాలుకకి పట్టుబడిపోయే తేడా ఇది, ఆ ఇంట్లో అడుగుపెట్టేదాకా దాన్ని నేను పట్టించుకున్న పాపాన పోలేదు. మేం తడి తువ్వాళ్ళు కుర్చీ మీద వెయ్యమండీ. మా ఇంట్లో ఆదివారం ఎవరూ పెందలాడే లేవరు. మా గేటు గొళ్ళెం పైకెత్తి లాగితేనే వస్తుంది. ఎంత మర్యాదగా చెబుతుందో, కొత్తగా దిగిన అతిథికి ఇల్లు చూపిస్తున్నట్టు. కించపరచాలని కాదు, ఆ పిల్ల మనసులో వంకర లేదు. ‘మా అమ్మ’ అంటుంది, అది సరే, ఆ మాటలో నాకూ చోటు కావాలంటే నేను మనిషినే కాను. కానీ గేటు? గేటుకి రంగేసింది నేను. తుప్పు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, రెండు పూతలు వేసి, గొళ్ళానికి నూనె పట్టించి, పైకెత్తకుండానే వచ్చేలా చేసింది నేను. అయినా ఆ పిల్ల నోట అది ఇప్పటికీ ‘మా గేటే’.

నన్ను ఏమని పిలుస్తుందంటే ఏమనీ పిలవదు. మేనత్త వచ్చినప్పుడు అందరి ముందూ, పిన్ని అని పిలవమ్మా, నోరేం అరిగిపోదు అంది. దొరసాని తలూపింది, ఊపడం వరకే, పిలుపు మాత్రం రాలేదు. ఒకే ఇంట్లో ఒక మనిషితో ఏడాదిపాటు ఏ పిలుపూ లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో ఎవరైనా ప్రయత్నించి చూడండి. నేను వంటింట్లో ఉంటే గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది, దగ్గదు, గొంతు సవరించుకోదు, నేను తలెత్తేదాకా ఓపిగ్గా చూస్తుంది, తలెత్తాక చెబుతుంది, చీపురు విరిగిందండీ అని. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ వయసులో నేనైతే పూటకో పేచీ పెట్టి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఈ పిల్ల ఏడవదు, విసుక్కోదు, మనసులో లేని మాట మాత్రం నోటితో అననంటుంది, అంతే. కథల్లో సవతి తల్లికి మంచిపేరు వచ్చిన దాఖలా ఎక్కడా లేదు, ఆ కథలన్నీ చదివేసి కూడా నా చేతి వంట మారుమాట్లాడకుండా తింటోంది, అది తక్కువా. అందుకే నేను ఆ మాట అడగలేదు, ఆయన్ని అడగనివ్వలేదు. చెవులు మాత్రం రిక్కించుకునే ఉన్నాను. మన గేటు, మన చీపురు, మన బస్సు వచ్చేసింది, ఏదైనా సరే, దేనికి తగిలించినా సరే, ఒక్క ‘మన’ వినపడితే చాలు. ఇవాళ పొద్దున్న బస్సు దిగుతున్నప్పుడు కూడా అనుకున్నాను, ఇంత సరదాగా తిరిగే రోజు, మాట జారడానికి ఇంతకంటే మంచి రోజు ఎక్కడ దొరుకుతుందని.

బల్ల దొరసానే ఎంచింది. కాలవ పక్కన, నాలుగు కుర్చీలది, గోడకి కిటికీ ఉన్నది. తిన్నగా వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో తన సంచీ పెట్టి, దానికి ఎదురుగా తను కూర్చుంది. ఆ కుర్చీ ఎవరిదో అడగాల్సిన పని లేదు. నేను దారి పక్కన, వడ్డించేవాళ్ళ మోచేతులు తగిలే కుర్చీలో కూర్చున్నాను. ఆయన కంగారుగా నా మొహం చూశారు, ఫరవాలేదన్నట్టు కళ్ళతో చెప్పాను. నిజంగానే ఫరవాలేదు, ఇక్కణ్ణుంచి ఆకాశం బాగా కనపడుతోంది. ఈలోపు అది మధ్యాహ్నమైపోయింది, ఎప్పుడు అయిందో చూద్దామని కాపలా కాస్తున్నా దొరకలేదు. కిటికీ తలుపులు కూడా ఉత్తుత్తివే, వెనక గోడే తప్ప గది లేదు, కానీ ఎండకి వెలిసినట్టు పైపలక ఒక వన్నె తక్కువగా వేశారు, అతుకుల దగ్గర రంగు పెళుసుబారి లేచినట్టు గీశారు. పాడైపోయినట్టు కనపడటానికి ఇంత పాటుపడ్డారు. మా షెడ్డులో మేస్త్రీ ఇది చూస్తే వారం రోజులు మాతో మాట్లాడడు.

రొట్టె వచ్చింది, వెచ్చగా, పైన ఉప్పు పలుకులతో, తుంచితే పైపొర చిట్లింది, లోపల దూదిలా మెత్తగా ఉంది. చిన్న గిన్నెలో పచ్చటి ఆలివ్ నూనె, అందులో ముంచుకుని తినాలట, నాకు నూనెలో ముంచుకోవడమేమిటని మొహమాటం వేసింది, తిన్నాక మొహమాటం పోయి రొట్టె కూడా అయిపోయింది. ఆ తర్వాత పాస్తా. టమాటాలు, వెల్లుల్లి, ఏదో పచ్చి ఆకు, ఇంట్లో నేను చేసినదానిలో కూడా ఇవే ఉంటాయి, కానీ అది చేసినట్టుంటుంది, ఇది పుట్టినట్టుంది. వడ్డించే అతను జున్నుగడ్డా తురుముపీటా పట్టుకొచ్చి, మీరు చాలనేదాకా తురుముతానండీ అన్నాడు. నాకు రెండు రుద్దులకే చాలన్నాను, ఆయనకి ఇంకొంచెం. దొరసాని దగ్గరికొచ్చాడు. దొరసాని చాలనలేదు. అతను తురుముతున్నాడు, ఈ పిల్ల మొహం కదపకుండా పళ్ళెం వంక చూస్తోంది, పాస్తా కనపడ్డం మానేసింది, అతను ఇంకా తురుముతున్నాడు, మాట ఇచ్చాడు మరి. ఆఖరికి అతనే, అమ్మాయిగారూ, నా చెయ్యి మీద కాస్త దయ ఉంచండి అంటే అప్పుడు, చాలండీ, థాంక్యూ అంది, అని పెదవి చివర ఒక్క చుక్క నవ్వింది. ఆయన పొలమారేలా నవ్వారు. నేను కూడా నవ్వాను, ఎంత గుండెధైర్యం పిల్లకి అనుకుంటూ.

తినేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వాసన చూస్తుంది. ప్రతిపూటా అంతే, ఇంట్లోనూ అంతే, గిన్నెలోకి కొంచెం వంగి, ముక్కు పుటాలు కదిలి, అప్పుడు ముద్ద. ఆయనకి ఆ అలవాటు లేదు, ఆయన బస్సు వెళ్ళిపోతున్నట్టు తింటారు. కాబట్టి అది వాళ్ళమ్మది. ఆవిడ్ని నేను చూడలేదు, హాల్లో ఫొటోలో చూడటమే, కొంచెం పక్కకి తిరిగి, ఎవరో పిలిస్తే పలకబోతున్నట్టు ఉంటుంది. కానీ ఈ పిల్ల వాసన చూసే తీరులో, అందరి పళ్ళేలూ నిండేదాకా ఆగడంలో, చెయ్యి తుడుచుకున్న కాగితాన్ని నలపకుండా మడిచి పెట్టడంలో ఆవిడ నాకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది. మొదట్లో కుళ్ళుకున్నాను, లేదని ఎందుకు చెప్పాలి. రానురానూ మెచ్చుకోలే మిగిలింది. పనితనం ఎక్కడ కనపడినా నేను కరిగిపోతాను, అది ఆకాశమైనా సరే, పిల్లని పెంచడమైనా సరే. మా పనిలో మొదటి పూత సరిగ్గా పడకపోతే పైన ఎంత మంచి రంగేసినా పొలుసులు లేచిపోతుంది. ఈ పిల్లకి మొదటి పూత ఎంత శ్రద్ధగా వేసిందో ఆ మహాతల్లి, నాకు వచ్చే పేరు ఏమైనా ఉంటే అందులో సగం ఆవిడదే. ఒక్కోసారి ఫొటో తుడుస్తున్నప్పుడు ఆ మాట ఆవిడతో అంటాను కూడా, గట్టిగా కాదు.

పడవ ఒకటి అని ఆయన చెప్పారు. ఇక్కడ దానికే పేరట, గాజు పడవలో అయిదారు రంగుల ఐస్‌క్రీమ్ ముద్దలు, కాఫీలో తడిపిన కేకు ముక్క, పైన చాక్లెట్‌తో చేసిన తెడ్డు, పక్క బల్ల మీదికి ఒకటి వెళుతుంటే తలలన్నీ దానితోపాటే తిరిగాయి. చెంచాలు ఎన్ని తెమ్మంటారండీ అని వడ్డించే అతను అడుగుతుండగానే ఆయన ఫోను మోగింది. ఎక్కడో ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయారు, ఆయన మొహం మారిపోయింది, ఆయనకి సెలవు రోజైనా లిఫ్టులకి సెలవుండదు. తలుపు లాగొద్దని చెప్పు, పవరు కట్టెయ్, వాళ్ళతో మాట్లాడుతూనే ఉండు అంటూ, ఇక్కడి గోలలో వినపడక బయటికి పరుగెత్తారు. పోతూపోతూ నా భుజం తట్టారు, ఇక్కడ నువ్వు చూసుకో అన్నట్టు. చెంచాల ప్రశ్న గాల్లోనే ఉండిపోయింది, నేను నోరు తెరిచేలోపు ఇంకో బల్లవాళ్ళు పిలిస్తే అతను వెళ్ళిపోయాడు.

మిగిలింది ఇద్దరం. కాదు, సంచీతో కలిపి ముగ్గురం. ఎన్నిసార్లు ఇద్దరం మిగల్లేదు, బస్‌స్టాపులో, బట్టలు మడతపెట్టేటప్పుడు, కానీ అక్కడ చేతుల్లో పనుంటుంది. ఇక్కడ చేతులు బల్ల మీద ఊరికే ఉన్నాయి. ఏం మాట్లాడాలి. అప్పుడు ఏ ముద్ద ముందు తిన్నారు అని అడగనా, అడిగితే ఆవిడ చోట్లో చెయ్యి పెట్టినట్టు కాదూ. బడి సంగతి అడగనా, సెలవు రోజున బడి సంగతి అడిగేవాళ్ళంటే నాకే మంట. పైన పొద్దు వాలుతోంది, నారింజ రంగు మెల్లగా వీధిలోకి దిగి ఆరేసిన చొక్కాల అంచులు పట్టుకుంది, కాలవ నీళ్ళు వెలిగాయి, దొరసాని చెంప ఒకటి వెలిగింది. నాకు షెడ్డు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఒకరోజు ఇంట్లో ఎవరూ లేక తీసుకెళ్ళాను, ఓ మూల కూర్చోబెట్టాను. కాసేపటికి చూస్తే తనకంటే పెద్ద బండరాయిని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తుకుని నిలబడింది, థర్మాకోల్ బండ, నేను పొద్దున్నే నాచు వేసినది, ఇంకా ఆరనిది. మేస్త్రీ అంతటివాడు చేతులు జోడించి ప్రాణభయంతో వెనక్కి నడిచాడు, వడ్రంగులు బల్లల కింద దూరారు, దొరసాని పగలబడి నవ్వింది, అంత నవ్వు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకుందో. చేతులకి అంటుకున్న ఆకుపచ్చ రంగు కిరోసిన్ గుడ్డతో తుడుస్తుంటే వేళ్ళు విడదీసి నాకు అందించింది, ఒక్కొక్క వేలూ. ఇంటికొచ్చే దారిలో మళ్ళీ మామూలే, మా నాన్నకి బండ సంగతి నేనే చెబుతాను, మీరు చెప్పకండి అంది. చెప్పలేదు, ఆయన నాకు చెబితే కొత్తగా విన్నట్టు కూడా విన్నాను.

‘‘ఆ పిల్లి ఉత్తుత్తిదా, నిజందా?’’

నన్నే. బల్ల దగ్గర ఇంకెవరూ లేరు, నన్నే. వేలితో చూపిస్తోంది, అవతల చేతులు కడుక్కునే తొట్టి పక్కన, కిందికి ఉన్న కిటికీ గట్టు మీద బూడిదరంగు పిల్లి, ఒక కాలు కిందికి వేలాడేసి పడుకుంది. ఇందాకట్నుంచీ అక్కడే ఉందా, కదిలిందా, ఈ దిగిపోయే వెలుగులో నాకూ తేల్లేదు.

‘‘ఇక్కణ్ణుంచి చెప్పలేను, దగ్గరికెళ్ళి చూడాలి’’ అన్నాను.

‘‘మీకు తెలుస్తుంది కదా. మీరు అలాంటివి చేస్తారుగా. వెళ్ళి చూసి రండి, నేను ఇక్కడే ఉంటాను’’ అంది దొరసాని, ఆజ్ఞ జారీ చేసి.

లేచాను. మీరు అలాంటివి చేస్తారుగా. మేస్త్రీ ఇన్నేళ్ళలో ఒక్క మంచిమాట అనలేదు, ఈ పిల్ల అంది, పొగడాలని కాదు, లిఫ్టు బాగుచెయ్యడం మా నాన్నకి వచ్చు అన్నంత మామూలుగా అంది, ఆ మామూలుతనాన్ని మోసుకుంటూ నడిచాను. నాలుగు బల్లలు దాటితే తొట్టి. ఇక్కణ్ణుంచి మా బల్ల కనపడుతూనే ఉంది, చెవి పెడితే మాటలూ అందుతాయి. పిల్లి ప్లాస్టర్‌దే. కానీ ఏం పిల్లి, నిద్రలో పొట్ట కొంచెం ఒకవైపు జారినట్టు, బరువంతా గట్టు మీద వదిలేసినట్టు, చేసినవాళ్ళు ఎన్ని మధ్యాహ్నాలు ఏ పిల్లి పక్కన కూర్చున్నారో. వీపు మీద వెంట్రుకలు ఒక్కొక్కటీ సన్న కుంచెతో తీశారు. తల మీద మాత్రం రంగు లేదు, రెండు చెవుల మధ్యా తెల్లగా, నున్నగా అరిగిపోయింది, వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ, పిల్లలూ, పెద్దలూ చేతులు కడుక్కుని వెళుతూ నిమిరి నిమిరి. ఉత్తుత్తిదని తెలియకనా, తెలిసే నిమిరారు. మళ్ళీ రంగు వెయ్యకుండా అలా వదిలేసిన హోటల్‌వాళ్ళెవరో వాళ్ళక్కూడా దండం పెట్టాలి. నేనూ నిమిరాను. నా చేతికి అది కొంచెం వెచ్చగానే తగిలింది, పైన దీపం ఉంది కాబట్టి.

నా వెనక గాజు చప్పుడైంది. తిరిగి చూస్తే పడవ వచ్చేసింది. వడ్డించే అతను దాన్ని రెండు చేతులతో బల్ల మధ్యలో దింపాడు, చాక్లెట్ తెడ్డు వణికి నిలబడింది. బల్ల దగ్గర దొరసాని ఒక్కతే, ఎదురుగా సంచీ, రెండు ఖాళీ కుర్చీలు. అతను రెండు చెంచాలు పెట్టాడు, ఒకటి పిల్ల ముందు, ఒకటి ఆయన కుర్చీ ముందు. నా కుర్చీ వంక చూడనే లేదు, దారి పక్కది కదా, ఎవరిదో అనుకుని ఉంటాడు. పోనీలే, నేను తినకపోతే ఏమవుతుంది, కాఫీ తాగుతాను, ఆ పడవ వాళ్ళదే కదా, ఎప్పట్నుంచో వాళ్ళదే, అడిగి తెచ్చుకున్న చెంచాతో నేను దాంట్లో ఏం వేలు పెడతాను అని ఇన్ని అనుకున్నాను ఆ ఒక్క క్షణంలో, అనుకుంటూ పిల్లి తల మీద చెయ్యి తియ్యడం మర్చిపోయాను.

‘‘మీ ఇద్దరికేనా పాపా, నాన్నగారికీ నీకూ?’’ అన్నాడతను, బల్ల సర్దుతూ.

దొరసాని అతని వంక తలెత్తి చూసింది. వాసన చూసే ముందు ఆగినట్టే ఒక్క క్షణం ఆగింది.

‘‘కాదండీ, మేం ముగ్గురం’’ అంది. ‘‘ఇంకో చెంచా కావాలి.’’

మేం ముగ్గురం. నేను ‘మనం’ కోసం కూర్చున్నాను. ఏడాదిగా గుమ్మాల్లో, బస్‌స్టాపుల్లో, గేటు దగ్గర చెవి అటే పెట్టుకుని కూర్చున్నాను, వచ్చింది అది కాదు. అదే పాత మాట. తడి తువ్వాళ్ళ మాట, గొళ్ళెం మాట, ఇందాక గుమ్మం దాటుతూ అన్న మాట, అక్షరం మారలేదు, ఆ మొండి గొంతు మారలేదు. కాకపోతే ఈసారి అది వింటున్నది నేను కాదు, తురుముపీట పట్టుకుని చెయ్యి నొప్పెట్టించుకున్న ఆ పెద్దమనిషి. ఈసారి ‘మేం’కి బయట ఉన్నది అతను పాపం. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, చేతులు కడుక్కునే తొట్టి పక్కనే ఉంది కాబట్టి మొహాన కాసిని నీళ్ళు కొట్టుకున్నాను, ఎవరూ ఏమీ అనుకోరు.

బల్ల దగ్గరికి వచ్చేసరికి పైన మొదటి చుక్క పొడిచింది. సంచీ కిటికీ పక్క కుర్చీలో అలాగే ఉంది, ఉండనీ, అది ఆవిడ చోటు. నేను దారి పక్క నా కుర్చీలో కూర్చున్నాను.

‘‘ఉత్తుత్తిదేనా?’’ అంది దొరసాని.

‘‘ఉత్తుత్తిదే. కానీ చాలా బాగా చేశారు. వెళ్ళేటప్పుడు తల నిమిరి చూడు.’’

తలూపింది. గులాబీరంగు ముద్ద అంచు కరిగి గాజు మీద జారుతోంది, అయినా చెంచా ముట్టుకోలేదు, ఇంకా అందరికీ రాలేదు కదా. వడ్డించే అతను మూడో చెంచా తుడుస్తూ వచ్చి, ఎవరిదండీ అన్నట్టు ఇటూ అటూ చూశాడు. నేను చెయ్యి చాపాను.